కాకరకాయ కూర ఎలా ఉందమ్మా?

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే జవాబు చెప్పరు, భోంచేసి వెళ్ళమంటారు. విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించినన్నాళ్ళూ ఇంతే. రిటైరై అమలాపురంలో సొంతింటికి చేరుకున్నాక ఈ అలవాటు మరీ ముదిరింది. ఆయన శిష్యుల్లో కొందరు జవాబు దొరికి వెళ్ళారు, కొందరు కడుపు నిండి వెళ్ళారు. రెండూ ఒకటేనని మాస్టారి అభిప్రాయం కావచ్చు. ఆ సంగతి ఆయన ఎన్నడూ తేల్చి చెప్పలేదు.

ఆయన శిష్యురాలు హిమజ వచ్చిన రోజున మాత్రం ఆమె దగ్గర ఉన్నది ప్రశ్న కాదు, నిర్ణయం. పరిశోధన మానేస్తానని చెప్పడానికి వచ్చింది. మార్కాపురంలో పెదనాన్నగారి బడిలో పాఠాలు చెప్పుకుంటే చాలనుకుంది. బస్సులో వస్తూ ఆ మాట ఎలా మొదలుపెట్టాలో నాలుగైదు రకాలుగా అనుకుంది. తీరా మాస్టారి ముందు కూర్చునేసరికి అవేవీ గుర్తు రాలేదు, కళ్ళమ్మట నీళ్ళు మాత్రం వచ్చాయి.

ఆమె పరిశోధన గోదావరి లంక గ్రామాల్లో ఆడవాళ్ళ తిండి గురించి. ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు ఆఖర్న తింటారు, ఆఖర్న తినేవాళ్ళకి ఏం మిగులుతుంది అన్నది ఆమె తెలుసుకోవాలనుకున్న విషయం. పంటు పడవ ఎక్కి ఏరు దాటి, ఇంటింటి వసారాలోనూ కూర్చుని, ఫోనులో రికార్డు చేసుకుంటూ రెండేళ్ళు తిరిగింది. ఎవరిని అడిగినా ఒకటే మాట: "అందరం కలిసే తింటామమ్మా." హిమజ పొంగిపోయింది. పాత ఆచారం పోయిందని సిద్ధాంతగ్రంథంలో సగం రాసేసింది. ఒక సదస్సులో ఆ మాట చదివితే చప్పట్లు కూడా కొట్టారు.

కిందటి వారం గాలివాన వచ్చి సాయంత్రం పంటు నిలిచిపోయింది. హిమజ మంగాయమ్మ అనే ఆవిడ ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. ముందు మగవాళ్ళు తిన్నారు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత అత్తగారు. హిమజనీ వాళ్ళతోపాటే కూర్చోబెట్టి తినిపించారు. అందరూ లేచాక మంగాయమ్మ పొయ్యి పక్కన కూర్చుని చారు అడుగూ ఆవకాయ ముక్కా వేసుకుని తింది. "అందరం కలిసే" అని ఎంతో గట్టిగా చెప్పిన మనిషి ఆవిడే. హిమజ చూసిన సంగతి ఆవిడా చూసింది.

"అందరూ అబద్ధమే చెప్పారండీ," అంది హిమజ. "రెండేళ్ళు ఏరు దాటి అబద్ధాలు మూటగట్టుకొచ్చాను. మనుషుల్ని అడిగి తెలుసుకోవడమన్నదే దండగండీ. కళ్ళతో చూసిందే నిజం."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో నిదానంగా తుడుచుకున్నారు. "అడిగితే అబద్ధం, చూస్తే నిజం. అంతేనా?"

"అంతేనండి."

"అయితే భోంచేసి వెళ్ళు," అన్నారు మాస్టారు.

హిమజకి ఒళ్ళు మండింది. తన బతుకు ఏరు పాలైందని చెప్పుకుంటుంటే భోజనమేమిటి! కానీ మాస్టారితో వాదించే ధైర్యం లేక కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

అతిథి వస్తే ఆ ఇంట్లో టేబుల్ మీద కూడా అరటాకే. మాస్టారి భార్య తాయారమ్మగారు పప్పు, బెల్లం పెట్టిన కాకరకాయ కూర, ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించి, గరిటె పట్టుకుని పక్కన నిలబడ్డారు. హిమజకి పనసపొట్టు అంటే ప్రాణం, హాస్టల్లో చేరాక దాని మొహం చూసి ఎరగదు. కాకరకాయంటే మాత్రం చచ్చేంత భయం. అందులోనూ బెల్లం పెట్టిన కాకరకాయ! మార్కాపురం పిల్లకి చేదుని ఓర్చుకోవడమే కష్టం, చేదుకి తీపి తోడైతే ఇంకెక్కడ ఓర్చుకుంటుంది? ఇష్టం లేనిది ముందు తినేస్తే పీడా వదిలిపోతుందని వాళ్ళమ్మ చిన్నప్పుడు నేర్పింది. హిమజ పనసపొట్టుని ఆకు మూలకి జరిపి దాచుకుని, ఊపిరి బిగబట్టి కాకరకాయ గబగబా మింగేసింది.

"కాకరకాయ కూర ఎలా ఉందమ్మా?" అని అడిగారు తాయారమ్మగారు.

"చాలా బాగుందండి," అంది హిమజ.

ఆవిడ మొహం విప్పారింది. "నోటితో అనడమెందుకు, ఆకు చూస్తే తెలియడం లేదూ!" అని ఇంకో గరిటెడు వేశారు. హిమజ రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టి "చాలండి, చాలండి" అంది. కానీ మన ఇళ్ళల్లో వడ్డన దగ్గర మొదట అన్న "చాలు"కి విలువ లేదని ఎవరికి తెలియదు? ఆ గరిటెడూ వేళ్ళ సందుల్లోంచి ఆకు మీదికి జారింది. విస్తట్లో వదిలేస్తే పెద్దావిడ మనసు నొచ్చుకుంటుందని హిమజ అదీ మింగింది. అది ఖాళీ అవడం చూసి ఆవిడ మళ్ళీ వేశారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటి ఉంది, ఇక్కడ పూర్తిగా రాయడం మర్యాద కాదు.

"పనసపొట్టు ముట్టుకోనేలేదు. మీ వైపు వండరు కదూ? నచ్చకపోతే బలవంతమేం లేదులే తల్లీ," అంటూ తాయారమ్మగారు ఆ గిన్నెని వంటింట్లోకి తీసుకెళ్ళిపోయారు. హిమజ ఆకు మూలనున్న ఆ కాస్తా తినేసి, గిన్నె వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయింది. మాస్టారు తలొంచుకుని తన వంతు కాకరకాయ తింటున్నారు.

చేతులు కడుక్కున్నాక ఆయన వసారాలో పడక కుర్చీ వైపు నడుస్తూ, "లోపల మీ అమ్మగారు ఒక్కరే తినాలి. కాస్త తోడు కూర్చో," అన్నారు.

తాయారమ్మగారు వంటింట్లో కిటికీ కింద పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ వద్దన్నా వినకుండా హిమజే వడ్డించింది. పప్పు వేసింది, పనసపొట్టు వేసింది. కాకరకాయ గిన్నె అందుకోబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి వసారా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"అది ఉంచమ్మా. నీతో చెబితే ఏం, నాకు కాకరకాయ చిన్నప్పట్నుంచీ పడదు. ఆయనకి ప్రాణమని వండుతున్నాను. నేను కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఇదే కూర వండి, 'ఎలా ఉందిరా' అని అడిగారు. ఈయన 'బ్రహ్మాండంగా ఉందమ్మా' అన్నారు. నేను చెవులారా విన్నాను. అప్పట్నుంచీ ఈ ఇంట్లో కాకరకాయ లేని వారం లేదు."

"నాకూ పడదండీ!" అనేసింది హిమజ. అనేశాక నాలిక కరుచుకుంది.

తాయారమ్మగారు చేతిలో ముద్ద పట్టుకుని అలాగే చూశారు. "మరి అంతంత తిన్నావేమే?"

"ముందు వదిలించుకుందామనుకున్నానండీ. వదిలించుకున్నకొద్దీ మీరు వేశారు."

"మరి పనసపొట్టో?"

"ఆఖర్న హాయిగా తిందామని దాచుకున్నానండీ. మీరు గిన్నె పట్టుకెళ్ళిపోయారు."

ఆవిడకి నవ్వు తన్నుకొచ్చి పొలమారింది. హిమజ మంచినీళ్ళిచ్చి వీపు నిమిరితే గానీ తెరిపిన పడలేదు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడిగే పెట్టానే పిచ్చిపిల్లా! ఆకు చూసే పెట్టాను! రెండు విధాలా తప్పేనా?" అంటూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఒక పళ్ళెం లాగి, అందులో అన్నమూ దండిగా పనసపొట్టూ వేసి హిమజ చేతికిచ్చారు. హిమజ ఈసారి "చాలు" అనలేదు.

ఇద్దరూ తింటూ కబుర్లలో పడ్డారు. హిమజ హాస్టల్ సాంబారు గురించి చెప్పింది, ఆవిడ తన పుట్టింటి ఆవకాయ గురించి చెప్పారు. ఆ మాటల మధ్య, పరిశోధన గిరిశోధన ఏమీ తలపులో లేకుండా, హిమజ మామూలుగా అడిగింది: "మీరు రోజూ ఇలా ఆఖర్నే తింటారాండీ?"

"అబ్బే, లేదమ్మా. అందరం కలిసే తింటాం," అన్నారు తాయారమ్మగారు.

హిమజ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. అదే మాట. మంగాయమ్మ అన్నది ఇదే, లంకల్లో ఇంటింటా విన్నది ఇదే. అంతకంటే సిగ్గయిన సంగతి ఇంకొకటి తోచింది. ఇందాక టేబుల్ దగ్గర ఈవిడ గరిటె పట్టుకుని నిలబడే ఉన్నారు. రెండేళ్ళుగా ఈ ఒక్క విషయమే వెతుకుతున్న తను, కళ్ళతో చూసిందే నిజమని ఇప్పుడే ప్రగల్భాలు పలికిన తను, ఎదుట ఉన్నదాన్ని చూడనేలేదు.

తాయారమ్మగారు హిమజ మొహమూ, తన ఆకూ మార్చి మార్చి చూసుకుని చిన్నగా నవ్వారు. "చూశావా, నోటికి అలవాటైపోయింది."

"ఎందుకలా అన్నారండీ?" అని అడిగింది హిమజ. ఆ గొంతులో నిలదీత లేదు, నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"ఏం చెప్పమంటావు? వేడివేడిగా వడ్డిస్తే నాకు తృప్తి. ఆయన కూర్చో కూర్చో అని కొన్నాళ్ళు అన్నారు, వినడం లేదని మానేశారు. ఇదంతా విడమరిచి చెప్పేంత ఓపిక ఎవరికుంటుంది? ఉత్తినే 'ఆఖర్న తింటాను' అన్నాననుకో, పాపం తాయారమ్మని మొగుడు పట్టించుకోడు కాబోలు అనుకుంటారు. ఇంటి పరువు వీధిలో పెట్టుకుంటామా?" ఆవిడ ఆకులో మెతుకులు దగ్గరికి తీశారు. "ఒక్కొక్క రోజు విసుగూ వస్తుందనుకో. కాళ్ళు పీకుతుంటాయి, కూర చల్లారిపోతుంది. ఎవరైనా వచ్చి నువ్వు కూర్చో నేను వడ్డిస్తానంటే బాగుండునని ఉంటుంది. అది మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నువ్వే వడ్డించావు, నువ్వే అడిగావు."

మంగాయమ్మని పొయ్యి పక్కన చూసిన రోజున తను చూసింది ఒక్క చారు అడుగునే. ఆ చారు వెనక తృప్తి ఉందో, విసుగు ఉందో, రెండూ ఉన్నాయో కళ్ళకి కనబడే వీలు లేదు. అది ఆవిడ నోటితో చెబితేనే తెలియాలి. చెప్పనప్పుడు కూడా ఆవిడ ఒకటి చెప్పింది: పైవాళ్ళ ముందు తన ఇల్లు ఎలా కనిపించాలని కోరుకుంటోందో అది. రెండేళ్ళ రికార్డింగుల్లోనూ అదే ఉంది. అవి అబద్ధాల మూట కాదు, తను వాటి మీద తప్పు పేరు రాసుకుందంతే. ఇంకో సంగతి కూడా తోచి ఆమెకి నవ్వొచ్చింది. తను ప్రతి ఇంట్లోనూ వసారాలో కూర్చుని అడిగింది. పక్కనే మంచం మీద అత్తగారో మామగారో చెవులు రిక్కించుకుని ఉండేవారు. అక్కడ "అందరం కలిసే" అనక ఏ కోడలు ఏమంటుంది?

గుండెల మీది బరువు దిగిపోయింది. ఇన్నాళ్ళూ తను వెర్రిదాన్నయ్యానన్న ఏడుపుతో నిద్ర కూడా సరిగా పట్టలేదు. ఇప్పుడు ఆ వెర్రితనమే తలుచుకుంటే హాయిగా ఉంది. తాయారమ్మగారి ఆకు తీసి, పీట గోడకి ఆనించి, పెరట్లో చేతులు కడుక్కుని వసారాలోకి వచ్చింది.

మాస్టారు కళ్ళు మూసుకునే అడిగారు. "ఏమన్నారు మీ అమ్మగారు?"

"చెప్పనండీ," అంది హిమజ. "ఆవిడ నాతో చెప్పుకున్నారు."

మాస్టారు కళ్ళు తెరిచారు. ఆయన మొహంలో ఎన్నడూ లేనంత సంతోషం కనిపించింది. "మానేస్తానన్నావు కదా?"

"లేదండీ. రేపు పొద్దున్నే పంటెక్కుతాను. పాత రికార్డింగులు ఒక్కటీ చెరపను. మంగాయమ్మగారింట్లో మాత్రం ఈసారి వసారాలో కూర్చోను. వంటింట్లోకి వెళ్ళి కూర తరిగిపెడతాను. ముందు నా కాకరకాయ సంగతి ఆవిడకి చెబుతాను. ఆ తర్వాత అడగాలనిపిస్తే అడుగుతాను."

"ఆవిడ మళ్ళీ 'కలిసే తింటాం' అంటేనో?"

"అంటే అదీ రాసుకుంటానండీ. ఎవరెవరు వింటుండగా అన్నదో పక్కన రాసుకుంటాను."

మాస్టారు తలూపారు. హిమజ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. గేటు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

"మాస్టారూ, మీకు కాకరకాయంటే నిజంగా అంత ఇష్టమాండీ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మాస్టారు కిటికీ వైపు ఒకసారి చూశారు. పడక కుర్చీలోంచి లేచి, కండువా భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కున్నారు.

"బస్టాండు దాకా నేనూ వస్తాను, పద," అన్నారు. "ఆ ప్రశ్న వీధి మలుపు తిరిగాక అడుగు."