ఫిలోమినా గారి ప్రశ్న

ఫిలోమినా పేరు వింటేనే పెంచలయ్యకు ఒళ్ళు మండేది. ఆమెను అతను ఎన్నడూ చూడలేదు.

పెంచలయ్య కడపలో గౌస్ మొహిద్దీన్ ఉస్తాద్ దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. కంప్యూటర్ మాటను యూఎస్‌బీ తీగ గుండా యంత్రాలకు చేరవేసే చిన్న ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. అందరూ ఉచితంగా వాడుకునే అలాంటి డ్రైవర్ల బాగోగులు చూసుకునే కొద్దిమందిలో ఉస్తాద్ ఒకరు. దానికి జీతమేమీ లేదు. చిక్కుల్లో పడ్డవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో మెయిల్ రాస్తారు. ఆయన ఓపిగ్గా జవాబిస్తారు.

ఫిలోమినా పార్వతీపురం వైపు ఒక అంధబాలల బడిలో టీచరు. ఆ బడికి ఎవరో పాత బ్రెయిలీ ప్రింటర్ ఇచ్చారు. కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రం అది. దానికి డ్రైవర్ ఎక్కడా దొరక్కపోతే ఆమే తంటాలు పడి ఒకటి రాసుకుంది. పొట్టి వాక్యాలు సరిగానే వస్తున్నాయి. వాక్యం పొడుగైతే మధ్యలో అక్షరాలు మాయమవుతున్నాయి. తను రాసిన డ్రైవర్‌ను జతచేసి, ఎందుకో చెప్పమని ఉస్తాద్‌కు మెయిల్ పెట్టింది.

ఆ రోజు నుంచి ఆయనకు అదే ధ్యాస. అన్నం తింటూ ఉండగా ఆగి, "ఆ టీచరమ్మ తీగ మార్చి చూసిందో లేదో అడుగు అబ్బీ" అనేవారు. పెంచలయ్య ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే ఉన్నాడు. అతను రాసింది చూపిస్తే "బాగుంది" అని పక్కన పెట్టేవారు. అంతే, ఆ మీదట ఒక్క మాట ఉండేది కాదు.

అప్పుడే ఉస్తాద్‌కు కంటి ఆపరేషన్ అయింది. తెర వంక చూడొద్దన్నాడు డాక్టరు. ఒక మధ్యాహ్నం ఆయన మంచం మీద ఆనుకుని కూర్చుని, "ఆమె రాసింది మొత్తం పైకి చదువు. వింటా" అన్నారు.

పెంచలయ్య చదవసాగాడు. సగం దాటాక తప్పు అతని కంట పడింది. పంపిన అక్షరాలు యంత్రానికి చేరాయన్న కబురు రాకముందే, అవి ఉన్న చోటే కొత్తవి పోసేస్తోంది ఆమె డ్రైవర్. పాతవి కొట్టుకుపోతున్నాయి.

అతను ఆగలేదు. ఆ నాలుగు వరుసలు గబగబా చదివేసి ముందుకు పోయాడు. 'తంటాలు పడనీ' అనుకున్నాడు. అలా అనుకోవడం హాయిగా కూడా ఉంది.

చదవడం అయిపోయింది. ఉస్తాద్ కళ్ళు మూసుకునే అడిగారు.

"ఆమె దగ్గర్నుంచి కొత్తగా ఏమైనా వచ్చిందా?"

వచ్చింది. అది కూడా చదివాడు. పిల్లలకు పరీక్ష పేపరు అచ్చేసి ఇచ్చిందట. ఒక పాప ప్రశ్న మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ తడుముకుని, "టీచర్, నా వేళ్ళకు చదవడం రావట్లేదు" అని ఏడ్చిందట.

"జవాబు రాయి" అన్నారు ఉస్తాద్. "నేను చెప్పింది చెప్పినట్టు రాయి. అమ్మా, మీ తప్పు నాకు దొరకలేదు."

పెంచలయ్య రాశాడు.

"ఇక్కడ అది తెలిసినవాళ్ళు ఎవరూ లేరు."

పెంచలయ్య చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. వీధిలో ఎవరో స్కూటర్ తన్నుతున్నారు. అది అంటుకోలేదు. ఉస్తాద్ కళ్ళు మూసుకునే ఉన్నారు. రాశావా అని అడగలేదు.

పెంచలయ్య రాసినదంతా చెరిపేశాడు. తప్పు ఏ వరుసలో ఉందో, ఎలా దిద్దుకోవాలో వివరంగా రాసి పంపేశాడు. ఆ పాప వేళ్ళలో ఏ లోపమూ లేదని చివర్లో చేర్చాడు.

"పంపినాను ఉస్తాద్" అన్నాడు. తలెత్తలేదు. "మీకు తెలుసు కదా."

"తప్పేందో నాకు తెలీదు. నువ్వు యాడ పరిగెత్తినావో వినపడింది."

పెంచలయ్య తలెత్తాడు. దాచుకున్న మాట బయటికి వచ్చేసింది. "నేను రాసింది ఎప్పుడైనా ఇంతసేపు విన్నారా? ముక్కూమొహం తెలీని ఆమె మీద ఉన్న ప్రేమ నా మీద లేకపాయె."

ఉస్తాద్‌కు కోపం రాలేదు.

"ఆమె తనకు రానిది తెచ్చింది అబ్బీ. నువ్వెప్పుడూ నీకు వచ్చిందే తెస్తావు."

పెంచలయ్య లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

పొద్దు వాలేసరికి ఫిలోమినా దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. పేపరు మొత్తం సరిగా వచ్చిందట, ఉస్తాద్ గారికి నమస్కారాలట. పెంచలయ్య పేరు అందులో లేదు. అతను దాన్ని నిదానంగా చదివి వినిపించాడు.

తర్వాత తన కంప్యూటర్ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ళ నుంచో ఎవరికీ చూపించకుండా మూసి పెట్టుకున్న ప్రోగ్రామ్ తెరిచాడు.

"ఉస్తాద్, ఇది నాకు అర్థం కాలేదు" అన్నాడు.

ఉస్తాద్ కాళ్ళు ముడుచుకుని అతని వైపుకి జరిగారు.

"మొదటి నుంచి చదువు."