వెండికొండ మంచుకుప్పకి వడదెబ్బ

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున తాము ముందు వరసలో నిలబడ్డామనీ, దోసిలి చాలక కొంగు కూడా పట్టామనీ ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఉండేది ముగ్గురే. ఇంటాయన పైడయ్య, ఇల్లాలు ముత్యాలు, ఆవిడ అన్న సన్నాసి. భీమిలి దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. ఐసుదిమ్మల మీద ఊక పోసి, పైన గోనెపట్టాలు కప్పి, మండుటెండలో కూడా కరక్కుండా చేపలరేవుకి చేర్చేవాళ్ళు. ఆ పని మాత్రం బాగా వచ్చు, లేనిది చెప్పడం దేనికి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పనే వాళ్ళని హిమాలయాలకి తీసుకెళ్ళింది.

అక్కడ వెండికొండ అని ఓ కొండ. చలికాలంలో జనం కాళ్ళకి పొడుగాటి బద్దలు కట్టుకుని ఆ మంచు మీద జర్రున జారతారు. దాన్ని స్కీయింగ్ అంటారు. మన ఊళ్ళో అరుగు మీద జారిపడితే నవ్వుతారు, అక్కడ చప్పట్లు కొడతారు. దాని మేనేజరు విస్సన్న గారు తెలుగాయన. వేసవిలో కొండంతా గడ్డి తేలిపోతుంది కాబట్టి, మిగిలిన మంచునంతా ఓ పల్లంలో రెండు తాటిచెట్ల ఎత్తు కుప్ప వేయించి, ఊకా గోనెలూ కప్పించి, వీళ్ళని కాపలా పెట్టాడు.

"అక్టోబరు పదిన పోటీలు. ఆ వేళకి మంచు ఏ కొండ మీద ఉంటే ఆ కొండకే పోటీలు. అవతలి కొండవాళ్ళు కాచుక్కూర్చున్నారు. ఈ కుప్ప నిలిస్తే ఈ చెక్క ఇల్లు మీదే. కరిగిందో, మూటాముల్లె సర్దుకోండి" అన్నాడాయన.

ఆ ఇల్లంటే ముత్యాలుకి ప్రాణం. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి సొంత కుళాయి అంటూ ఉన్నది ఆ ఇంట్లోనే. పని లేకపోయినా తిప్పి, నీళ్ళు చూసుకుని, కట్టేసేది.

పట్నం వెళ్తూ విస్సన్న గారు ఓ కాయితం తలుపుకి అంటించాడు. వేసవి వాతావరణం ఎలా ఉండబోతుందో రేడియోలో విని, తెలుగులో రాసిపెట్టిన కాయితం అది. "ఇందులో ఉన్నట్టు నడుచుకోండి, అక్షరం తప్పకూడదు" అన్నాడు. పాపం, ఎవరితో అంటున్నాడో ఆయనకేం తెలుసు!

చదువు వచ్చింది సన్నాసి ఒక్కడికే. కూడబలుక్కుని మొదటి వాక్యం చదివాడు. "జూన్‌లో వాన పడే అవకాశం నూటికి యాభై."

"నూటికి యాబై అంటే సగం గదేటి?" అన్నాడు పైడయ్య.

"సగవే బావా. కుప్పలో సగం మీద పడతాది, సగం మీద పడదు."

అంతే, తాడు పెట్టి కుప్పని నడిమికి కొలిచారు. ఇంట్లో ఉన్న పెద్ద టార్పాలిన్ మొత్తం కుప్పకి సరిపోయేదే. దాన్ని మడిచి సగానికే కప్పారు. వాన రానే వచ్చింది. రెండో సగం మీద కూడా దబదబా పడింది. సన్నాసి వానలో నిలబడి, ఆకాశంకేసి చెయ్యి చూపించి, "ఇటేపు కాదు, అటేపు!" అని గొంతు పోయేలా అరిచాడు. వాన విన్లేదు. కుప్ప ఒకవైపు తాటిచెట్టంత తరిగిపోయింది.

"తప్పు మనది కాదు. మనం సదివినాం, వాన సదవనేదు" అని తీర్మానించుకుని ముగ్గురూ అన్నానికి లేచారు.

రెండో వాక్యం, "జూలైలో వేడి మామూలు కంటే రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది."

కుప్ప పక్కన గుంజకి థర్మామీటరు కట్టి ఉంది. మామూలుగా పదిహేను చూపించేది. ఆ పొద్దున చల్లగాలి తోలుతుంటే పద్నాలుగే చూపించింది.

"పదేడు ఉండాలి గదా! మేనేజరుబాబు అచ్చరం తప్పొద్దన్నారు. మూడు తక్కువున్నాది, ఇప్పుడేటి సేద్దారి?" అంది ముత్యాలు.

ఇంకేముంది, కుంపటి రాజేసి థర్మామీటరు కింద పెట్టారు. పదిహేడు దాటి ఇరవై అయ్యేసరికి, "అయ్యో, ఎక్కువైపోనాది" అని విసనకర్రతో విసిరారు. విసిరితే కుంపటి ఇంకా రాజుకుంది. ఇలా నెల పొడుగునా పైడయ్య బొగ్గులు వెయ్యడం, సన్నాసి విసరడం. థర్మామీటరుని దారికి తెచ్చేసరికి కుప్ప సగం కాలవై పారిపోయింది.

"మావా, కుప్ప సిన్నదైపోతన్నట్టున్నాదే?" అంది ముత్యాలు.

"సలికి ముడుసుకున్నాదే. మనం ముడుసుకోమేటి?" అన్నాడు పైడయ్య. అది వినగానే ఆవిడ మనసు కుదుటపడింది.

ఆగస్టు వాక్యం కాస్త పెద్దది. "ఎండ ముదురుతుంది. ఎండలో ఉండేవాళ్ళు వదులైన నూలుబట్టలు కట్టుకోవాలి, నీళ్ళు ఎక్కువగా తాగాలి. లేకపోతే వడదెబ్బ తగులుతుంది."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనం నీడపట్టున ఉంటాం. ఎండలో ఉండేదెవరు?" అన్నాడు సన్నాసి.

"కుప్పే!" అంది ముత్యాలు. "ఓలమ్మో, దానికి వడదెబ్బ కొడతాది!"

పైడయ్యకి పాత పని ఎక్కడో కొంచెం అడ్డం వచ్చింది. "ఐసు మీద నీళ్ళు పొయ్యకూడదు గదా బావా?"

"అది బీమిలి ఐసు. ఇది కాయితం ఉన్న మంచు" అన్నాడు సన్నాసి.

ఊక తుడిచేశారు. గోనెలు గరుకనీ, బిగువనీ ఊడబెరికేశారు. ముత్యాలు తన పెళ్ళినాటి నూలుచీర తెచ్చి, వదులుగా, కుచ్చిళ్ళు పోసి మరీ కట్టింది. సొంత కుళాయి నుంచి బిందెలకి బిందెలు మోసి, "తాగమ్మా, తాగు" అంటూ పోసింది. మంచుకుప్ప ఎంత పోస్తే అంత తాగింది, తాగినదానికి రెండింతలు వదిలింది. "ఒళ్ళు సల్లబడి సెమట పడతన్నాది, మంచిదే" అన్నాడు సన్నాసి.

అక్టోబరు ఆరు నాటికి చీర మిగిలింది. చీర కింద బుట్టెడు మంచు మిగిలింది. ఈసారి చలికి ముడుచుకుందంటే ముత్యాలు నమ్మలేదు. గడపలో కూలబడి, కుళాయికేసి చూస్తూ, "నాలుగు రోజుల్లో బాబొస్తారు. ఇల్లు పోనాది" అని వెక్కివెక్కి ఏడ్చింది. పైడయ్యకీ ఏడుపొచ్చింది. సన్నాసి ఇద్దర్నీ ఓదార్చబోయి తనే గట్టిగా ఏడ్చాడు.

మర్నాడు తెల్లారి తలుపు తీస్తే ఏముంది! కొండంతా మంచు. మోకాలి లోతు, పిండారబోసినట్టు. ముత్యాలు ఎగిరి గంతేసింది. "ఇల్లు నిలిసింది మావా!"

నిలిచేదే, సన్నాసికి చదువు రాకపోయుంటే. వాడు కాయితం దగ్గరికెళ్ళి చివరి వాక్యం చదివాడు. "మొదటి మంచు అక్టోబరు పదిన కురుస్తుంది." వాడి మొహం మాడిపోయింది. "ఈయాల ఏడే గదా. మరి ఇదెవులిది?"

"మనది పదిన రావాల. ఇది ఇంకెవులిదో, దారితప్పి మన కొండెక్కీసింది" అన్నాడు పైడయ్య.

ముత్యాలు ఇల్లు చూసింది, మంచు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "ఇల్లు పోతే పోనీ మావా. పరాయి సొమ్ము మనకొద్దు. ఎవులిది ఆలకిచ్చీండి" అంది. ఇంత ధర్మబుద్ధికి అందులో నాలుగోవంతు తెలివి తోడైతేనా, ఈ కథే ఉండేది కాదు.

అవతలి కొండ మీద చూస్తే మంచు పడనే లేదు. అయితే ఇది వాళ్ళదేనని తేల్చి, ముగ్గురూ పారలూ బుట్టలూ పట్టుకుని ఆ మంచునంతా శిఖరం దాటించి అవతలి కొండ మీదికి తొయ్యడం మొదలెట్టారు. సంగతి తెలిసి అవతలి కొండవాళ్ళు నలభైమంది పరుగెత్తుకొచ్చారు. "మాదే, మాదే! మొన్నటి నుంచి వెతుకుతున్నాం!" అంటూ తామూ సాయం పట్టారు. టీ కూడా ఇచ్చారు. "ఎంత మంచోలు!" అని ముత్యాలు పొంగిపోయింది. మూడు రోజుల్లో వెండికొండ మీద చెంచాడు మంచు లేకుండా ఊడ్చి అప్పజెప్పారు.

పదో తారీకు పొద్దున విస్సన్న గారు జీపు దిగాడు. కొండ పచ్చగా ఉంది. శిఖరం అవతల జెండాలూ, బ్యాండూ, చప్పట్లూ. పైడయ్య ఎదురెళ్ళి దండం పెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "మన మంచు ఈయాలొస్తాది బాబూ, బుట్టలు కూడా సిద్దంగా ఎట్టినాం" అన్నాడు.

విస్సన్న గారు గడ్డిలో కూలబడ్డాడు. ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు. చివరికి లేచి, "ఛీ! ఈ జన్మలో మీ మొహాలు నాకు చూపించకండి!" అని అరిచాడు.

ముత్యాలు మొహం వెలిగిపోయింది. "అంతేనా బాబూ! ఇల్లు కాళీ సెయ్యమంటారేమోనని పేనం పోనాది!"

ముగ్గురూ తలో బుట్టా తల మీంచి మెడదాకా బోర్లించుకున్నారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మూడుచోట్ల గోడకి గుద్దుకుని, తలుపు వెతుక్కుని లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నారు. కాసేపటికి లోపలినుంచి బుట్టలో దూరిన ముత్యాలు గొంతు వినబడింది.

"బాబూ, తమరు పట్నం ఎల్లిపోయినాక అక్కడి నుంచి ఓ కేకెయ్యండి. బుట్టలు తీసీసుకుంటాం!"