పలక వెనక పొర

మా దానయ్య మేస్త్రిగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు పొయ్యి దగ్గర తప్పు చేస్తుంటే కళ్ళారా చూస్తూ కూర్చునేవారు, నోరు మాత్రం విప్పేవారు కాదు. ముప్ఫయ్యేళ్ళు ఓడల మీద వంట చేసి, చైనా వాళ్ళ దగ్గరా కొరియా వాళ్ళ దగ్గరా పంది పక్కటెముకలు కాల్చడం నేర్చుకుని, చివరికి విశాఖపట్నంలో దిగిపోయిన మనిషి. పాత ఊళ్ళో ఆయన పెరటి పాకలో పని నేర్చుకున్నవాళ్ళలో ఏడుగురం ఇవాళ ఏడు హోటళ్ళు నడుపుతున్నాం. ఆ అలవాటు మీద మాలో కోపం లేనివాడు లేడు. నాకు ఇప్పటికీ ఉంది.

ఒక ఆదివారం పొద్దున్న లోవరాజు ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. లోవరాజు మా ఏడుగురిలోనూ పనిమంతుడు, పేరున్నవాడు.

"గురువుగారూ, మనిషి మనసు కరగాలంటే ఇంకేటి చెయ్యాలండీ? పండక్కి బట్టలు పంపేను. వాడి పిల్లని బళ్ళో నేనే వేయించేను. ఇంటికెళ్ళి చేతులు కూడా పట్టుకున్నాను. అన్నిటికీ 'సరే అన్నియ్యా' అంటాడు, నా గుమ్మం మాత్రం తొక్కడు."

వాడంటే లోవరాజు తమ్ముడు గవిరేసు. ఏడేళ్ళ కిందటి దాకా అన్నదమ్ములిద్దరూ కలిసి విందులకి వండేవారు. ఒక పెళ్ళిలో వాళ్ళు పెట్టిన మాంసం తిని నలభై మంది మంచాన పడ్డారు, ఒక ముసలావిడ పోయింది. మాంసం ఎవరు తెచ్చారని పోలీసులు అడిగితే లోవరాజు తమ్ముడి వైపు చూశాడు. నోటితో ఒక్క ముక్క అనలేదు, ఆ చూపే సరిపోయింది. అన్న ఏదో ఒకటి చెబుతాడని గవిరేసు ఎదురుచూస్తూ నిలబడ్డాడు. పదకొండు నెలలు జైల్లో ఉండి వచ్చాక ఊళ్ళో ఏ హోటలూ అతన్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నా హోటలూ అంతే. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు.

ఆ మాంసం ముందురోజే కొని, ఐసు కూడా వేయకుండా ఉంచింది లోవరాజు. వాసన తేలకుండా అల్లం, వెల్లుల్లి, అనాసపువ్వు రెట్టింపు దట్టించింది కూడా లోవరాజే. ఒకసారి తాగి, నా దగ్గర ఏడ్చి తనే ఈ సంగతి చెప్పాడు. నేను ఓదార్చాను. ఎవరితోనూ అనలేదు. ఆ ఊరుకోవడానికి స్నేహమని పేరు పెట్టుకున్నాను.

"వచ్చే ఆదివారం వాణ్ణి పిలిచి నీ చేత్తో వండి పెట్టు. ఏడుగురూ ఉండండి. కబురు నేను పంపిస్తాను," అన్నారు మేస్త్రిగారు. ఆయన పిలిస్తే గవిరేసు వస్తాడని మాకు తెలుసు. అతనూ ఒకప్పుడు ఆ పాకలో పని నేర్చుకున్నవాడే. పెరట్లో ఏడు హోటళ్ళ యజమానులుంటారు, వాళ్ళ ముందు అన్న నిజం ఒప్పుకుంటూ ఒక్క మాట అంటే చాలు, సోమవారానికల్లా గవిరేసు ఏదో ఒక పొయ్యి ముందు నిలబడతాడు. ఇది లోవరాజుకి తోచలేదంటే నేను నమ్మను.

శుక్రవారం నుంచే లోవరాజు మేస్త్రిగారి పాకలో పని మొదలుపెట్టాడు. సోయా సాసులో బెల్లం కరిగించాడు. అల్లం, వెల్లుల్లి, నానబెట్టిన ఎండుమిరపకాయలు మెత్తగా నూరి కలిపాడు. బేరికాయలు తురిమి వేశాడు, మాంసం మెత్తబడడానికి. చింతపండు గుజ్జు, నువ్వుల నూనె, రెండు అనాసపువ్వులు. ఆ ఘుమఘుమకి పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. చెయ్యి తిరిగినవాడు, అందులో అబద్ధం లేదు.

పక్కటెముకల పలకకి వెనకవైపు, ఎముకల మీద, పల్చటి తెల్లటి పొర ఒకటి ఉంటుంది. చెంచా కాడ దాని కిందికి దూర్చి, జారకుండా గుడ్డతో పట్టుకుని ఒక్క లాగు లాగాలి. అది తీయకపోతే రెండు రోజులు నానినా ఆ వైపు నుంచి ఏ రసమూ లోపలికి దిగదు. మా పాకలో కొత్తగా చేరినవాళ్ళకి ఈ పని నేర్పేదే లోవరాజు. ఆ రోజు అతను పొర తీయలేదు.

"పొర ఉండిపోయిందిరా," అన్నాను.

"ఉండనీ. అది తీసేస్తే కాల్చినప్పుడు పలక విరిగిపోతాది. తమ్ముడి ముందు విరిగిన ముక్కలెడతానేటి? చూడ్డానికి నిండుగా ఉండాల."

మేస్త్రిగారు నులకమంచం మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. అలవాటు ప్రకారం ఏమీ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం గవిరేసు వచ్చాడు. ఐసు మోసి మోసి అరచేతులు పగుళ్ళు బారాయి. ఎవరి మొహమూ చూడకుండా మేస్త్రిగారికి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. లోవరాజు బొగ్గుల మీంచి పలక దింపి, తేనె కలిపిన సాసు చివరిసారి పూసి, నువ్వులు చల్లి, విరక్కుండా తమ్ముడి ముందు పెట్టాడు. పలక నిగనిగలాడింది. మిగతా పలకలు మేం పంచుకున్నాం. బాగుందన్నాం, చాలా బాగుందన్నాం. పైన పూసింది నాకినవాళ్ళకి బాగానే ఉంటుంది మరి.

గవిరేసు ఒక ఎముక విడదీసి చేతిలో పట్టుకున్నాడు. తినలేదు.

"అన్నియ్యా, ఆ రోజు మాంసం ఎవరు తెచ్చేరు?"

గొంతులో కోపం లేదు. అడుగుతున్నట్టు కూడా లేదు, బతిమాలుతున్నట్టుంది. ఒక్క మాట, రెండే అక్షరాలు, నేను అని. సాసు కుంచె పట్టుకున్న లోవరాజు చెయ్యి ఆగిపోయింది. మిగతా ఆరుగురిలో అతని వైపు చూడనివాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇప్పుడెందుకురా ఆ పాత గొడవలు?" అన్నాడు లోవరాజు నవ్వుతూ. "చల్లారిపోతాది, ముందు తిను."

గవిరేసు ఎముకని వెనక్కి తిప్పాడు. గోరు దూర్చి, కాలి బిరుసెక్కిన పొరని నెమ్మదిగా లాగి పళ్ళెం అంచున పెట్టాడు. దాని కింద మాంసం పాలిపోయి ఉంది. అక్కడ ఒక్క కొరుకు కొరికి నమిలాడు.

"ఇటేపు ఉప్పు కూడా పట్టలేదు," అన్నాడు. చెయ్యి కడుక్కుని, మేస్త్రిగారికి మళ్ళీ దణ్ణం పెట్టాడు. "వెళ్ళొస్తానండి. ఐసు లారీ వచ్చే వేళయింది."

గేటు చప్పుడయింది. లోవరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. కుంచె విసిరికొట్టి మేస్త్రిగారి మీదికి లేచాడు. "మీరు చూసేరు గదా! శుక్రవారం నించీ చూస్తానే ఉన్నారు గదా! ఒక్క మాట చెప్తే మీ సొమ్మేటి పోయేది?"

మేస్త్రిగారు లేచి వచ్చి పళ్ళెం అంచున ఉన్న పొరని రెండు వేళ్ళతో తీశారు. ఎండకి ఎత్తి చూశారు. ఆయనకి ఎంత తెలుసో నాకు ఈనాటికీ తెలియదు. ముందు లోవరాజు మొహంలోకి చూశారు, తర్వాత నా మొహంలోకి.

"తెలీనోళ్ళకైతే చెప్పేవోణ్ణి," అన్నారు.