మడత కింద మిగిలిన ఇల్లు

అనగనగా, పొద్దువాలే వేళకు ఇంటింటా ఆటపటం పరుచుకునే అలవాటున్న నగరం ఒకటి ఉండేది. దాని పేరు చిత్రవాటిక.

ఆటపటమంటే నూలుగుడ్డ మీద రంగులతో గీసిన గడుల దారి. ఆ దారిలో ఒక బాటసారి అడవి దాటాలి, ఏరు దాటాలి, దొంగల కొండ దాటాలి. చిట్టచివరి గడిలో అతని ఇల్లుంటుంది. గవ్వలు వేసి, పావు జరిపి, ఎవరు ముందుగా ఇల్లు చేరితే వారు గెలిచినట్టు. అన్నం వేళ దాటినా పిల్లలు లేచేవారు కారు. లేపవలసిన పెద్దలు కూడా వారి పక్కనే కూర్చుని గవ్వలు వేస్తూండేవారు మరి!

ఆ ఆటలను కూర్చేవాడు తిప్పన. వాటికి రంగులు దిద్దేవారు ఎర్రమ్మ, ఆమెతోపాటు మరికొందరు చిత్రకారులు. ఎర్రమ్మ చెట్టుకు ఆకులు వేస్తే గాలికి కదులుతున్నాయా అనిపించేది. ఆ పటాలను నగరానికి అమ్మేవాడు నాగదేవ శ్రేష్ఠి.

ఏటా వసంతోత్సవం నాడు కొత్త పటం అంగడి వీధికి వచ్చేది. ఆ నగరంలో ఒక ఆచారం ఉండేది. కొత్త పటాన్ని అందరికంటే ముందు కొన్నవారి ఇంటికి కూర్పరి స్వయంగా వెళ్ళాలి. వారితో కూర్చుని తొలి ఆట ఆడాలి. ఆయన వచ్చి ఆడేదాకా ఆ ఇంటివారు పటాన్ని విప్పరాదు. అది వారికి గౌరవం, పటానికి శుభం.

ఇలా ఉండగా ఒక ఏడు శ్రేష్ఠి తిప్పనను పిలిపించాడు.

"తిప్పనగారూ, పొరుగు రాజ్యంలో పటాలు ఎంతెంత పెద్దవి వస్తున్నాయో విన్నారా? మన పటం వాటి ముందు చేతిరుమాలులా ఉంది. ఏటికి బంగారు రేకు అద్దిద్దాం. అడవిని ఇంకా పొడిగిద్దాం."

"అడవి పొడుగ్గా లేదని మనల్ని ఎవరూ అడగలేదే, శ్రేష్ఠీ?"

"అడిగేదాకా ఆగేవాడు వర్తకుడెలా అవుతాడు?" అని నవ్వాడు శ్రేష్ఠి.

పటం పెరిగింది. ఖర్చు పెరిగింది. ధర రెట్టింపయింది. ఆ ధరను నగరానికి చెప్పే పని శ్రేష్ఠి తిప్పనకే అప్పగించాడు. "నేను చెబితే అది ధర. మీరు చెబితే దీవెన" అన్నాడు.

తిప్పన అంగడి వీధిలో అరుగెక్కి చేతులు జోడించాడు. "అయ్యలారా, అమ్మలారా, ఖర్చులు పెరిగాయి. బంగారు రేకు ప్రియమైంది. మీరిచ్చే ప్రతి వరహా మా ఎర్రమ్మ వంటివారి పొయ్యి వెలిగిస్తుంది" అన్నాడు. అతని మాట మీద నగరానికి గురి. అడిగిన ధర ఇచ్చి కొనుక్కున్నారు. ఆ ఏడు ఎర్రమ్మ కూలి పెరగలేదు గాని, శ్రేష్ఠి మేడ మీద ఇంకో మేడ లేచింది. తిప్పన భుజం మీదికి ఒక పట్టుశాలువా వచ్చింది. శాలువా మెత్తగా ఉంది. అతడేమీ అడగలేదు.

రెండో ఏడు పటం మరింత పెరిగింది. ఈసారి గడుల మీద అంకెలకు బదులు నెమలి, ఏనుగు, శంఖం బొమ్మలు వేయించాడు శ్రేష్ఠి. ఆ బొమ్మలున్న ఇత్తడి పాచికలు పడితేనే పావు కదులుతుంది. ఇంట్లో గవ్వలు పనికిరావు. పాచికలు శ్రేష్ఠి దగ్గరే దొరుకుతాయి, వేరే ధరకు.

తిప్పన మళ్ళీ అరుగెక్కాడు. "ఖర్చులు పెరిగాయి" అన్నాడు.

"అయ్యా, పటం ఇంత పెద్దదైంది కదా, పరుచుకోవడానికి ఇల్లు కూడా మీరే కట్టిస్తారా?" అని బెల్లం అమ్మే మల్లప్ప గట్టిగా అడిగాడు. జనం గొల్లున నవ్వారు. తిప్పన కూడా నవ్వేశాడు. నవ్వితే జవాబు చెప్పనక్కర లేదని అతడికి అప్పటికే తెలిసింది.

ఆ రోజు అందరికంటే ముందు వచ్చి, తెల్లవారకముందే నిలబడి, పటం కొన్నవాడు సింగన్న అనే నేతగాడు. ఆచారం ప్రకారం తిప్పన అతని ఇంటికి వెళ్ళాలి. శ్రేష్ఠి అడ్డం వచ్చాడు. "ఈపూట దండనాయకులవారి భవనంలో తొలి ఆట పెట్టించాను. నేతగాని ఇంటికి రేపు వెళ్ళవచ్చు లెండి" అన్నాడు. ఆ రేపు రాలేదు. తిప్పన మరిచిపోయాడు.

ఆ ఏడు వచ్చినంత లాభం శ్రేష్ఠి తాతలు కూడా ఎరగరు. లాభం ఇంటికి చేరిన వారంలోనే చిత్రకారులను పిలిచి, ఇక రానక్కర లేదన్నాడు.

తిప్పన నివ్వెరపోయాడు. "శ్రేష్ఠీ, ఇంత అమ్మకమైన ఏడాదిలోనా?"

"మీరే చెప్పారుగా, ఖర్చులు పెరిగాయని! పెరిగినవి తగ్గించుకోవద్దూ?"

తిప్పన మాటే అతని ఎదుటికి వచ్చి నిలబడింది. మళ్ళీ పిలుస్తారులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కుంచెలు మూట కట్టుకుని ఎర్రమ్మ గుమ్మం దాటుతుంటే, అతడు గడులు లెక్కబెడుతున్నవాడిలా పటం మీదికి వంగాడు.

మూడో ఏడు వసంతోత్సవం దగ్గరపడింది. శ్రేష్ఠి కొత్త ఆలోచన చెప్పాడు. ఈసారి పటంలో అడవి ఉంటుంది, ఏరు ఉంటుంది, కొండ ఉంటుంది. ఇల్లు మాత్రం ఉండదు. చివరి గడిని చిన్న గుడ్డ మీద విడిగా గీయించి, విడిగా అమ్ముతారు.

"ఇల్లు లేని ఆట ఎలా ముగుస్తుంది?" అన్నాడు తిప్పన.

"ముగియాలనుకున్నవాళ్ళు కొంటారు. మీరు ఎప్పటి మాటే చెప్పండి."

ఆ మాటను నెమరువేసుకుంటూ తిప్పన వీధిలోకి వచ్చేసరికి, గోడవారగా ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేత సింగన్న.

"అయ్యవారూ, తమకు పని ఒత్తిడని తెలుసు. గుర్తుచేయడం మర్యాద కాదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కొత్త పటం వచ్చేస్తోంది కదా, పాతదాని తొలి ఆట ఇంకా..."

"మీరింకా ఆడలేదా?" అన్నాడు తిప్పన.

"తమరు రాకుండా ఎలా ఆడతామండీ?"

అప్పటికప్పుడే తిప్పన అతని వెంట నడిచాడు. అది ఒంటిగది ఇల్లు. గదిలో సగం మగ్గమే. సింగన్న తల్లి చెన్నమ్మవ్వ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. పిల్లలిద్దరూ స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నారు. దూలానికి కట్టిన మూటలోంచి సింగన్న పటాన్ని దించాడు. పసుపు బొట్టు పెట్టిన మడత అలాగే ఉంది. ఏడాదిగా ఒక్కసారీ విప్పలేదు.

విప్పారు. అడవి పరిచేసరికి గది నిండింది. ఏటిని మగ్గం గుంటలోకి దించారు. కొండ గోడకెక్కింది. ఇక చోటు లేదు. ఎటు తిప్పినా, ఎటు మడిచినా, చివరి గడి మడత కిందే ఉండిపోయింది.

"అమ్మా, ఇల్లేదీ?" అంది చిన్నపిల్ల.

"ఉష్! మన గదే చిన్నది. అయ్యవారు మాత్రం ఏం చేస్తారు?" అంది సింగన్న భార్య, తప్పు తమదైనట్టు తలవంచుకుని.

తిప్పన తల ఎత్తలేకపోయాడు.

చెన్నమ్మవ్వ కొంగున కట్టుకున్న గవ్వలు విప్పి అతని ముందు పెట్టింది. "ఇత్తడివి కొనలేకపోయాం నాయనా. ముందు వీటితో కానిద్దాం. పటం కోసమే ఈ ఏడు నెయ్యి మానేశాం. మా వాడు వద్దన్నాడు. నేనే అన్నాను, ఖర్చులు పెరిగాయని ఆ మహానుభావుడు చేతులు జోడించి చెప్పాడురా, చిత్రాలు రాసేవాళ్ళ పొయ్యిలు వెలగొద్దా అని. అవునూ, ఆ ఆకులు వేసే ఎర్రమ్మ సుఖంగా ఉందా?"

"సుఖంగానే ఉందవ్వా" అన్నాడు తిప్పన.

ఆ మాట నోట్లోంచి వచ్చిన తరువాత అతడికి తన గొంతు తనది కానట్టు వినిపించింది. అరుగు మీద చెప్పిన మాటల్లో అబద్ధమేదో వెతికి పట్టుకోవడం కష్టం. ఈ అబద్ధాన్ని మాత్రం వెతకనక్కర లేదు. ఒక ముసలమ్మ మొహం చూస్తూ, ఆమె పెట్టిన పీట మీద కూర్చుని ఆడినది. ఆట సాగలేదు. ఏదో పని గుర్తొచ్చినట్టు లేచాడు. వాళ్ళు గుమ్మందాకా వచ్చి సాగనంపారు. తిట్టి పంపినా అంత బరువుగా ఉండేది కాదు.

అక్కణ్ణుంచి తిన్నగా ఎర్రమ్మను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె చాకిరేవు దగ్గర ఎవరివో దుప్పట్లకు నీలిరంగు ముంచుతోంది. మోచేతులదాకా నీలం.

"రండి తిప్పనయ్యా! నా పేరు చెప్పి పటాలు అమ్మారట కదా. బాగా అమ్ముడుపోయాయా?"

"ఎర్రమ్మా..."

"నాకు పని లేకపోతే పోనీండి, నా పేరు మీ దగ్గర పనిచేస్తోందిగా. దానికైనా కూలి ఇప్పించండి మరి." పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎర్రమ్మ నవ్వలేదు. దుప్పటి పిండి, దులిపి, తీగ మీద ఆరవేసి, అప్పుడు అతని వంక చూసింది. "మీరు మాట చెప్పగలవారు. అందరికీ ఆ వరం ఉండదు. మాకోసం చెబుతున్నారనుకుని మేమూ మురిసిపోయాం."

తిప్పన దగ్గర జవాబు ఉండవలసిన చోట సిగ్గు ఉంది. అది కాళ్ళను ముందుకు వెయ్యనీయదు, వెనక్కీ వెయ్యనీయదు.

వసంతోత్సవం వచ్చింది. అంగడి వీధి కిటకిటలాడింది. శ్రేష్ఠి వెండిపూల అంచు ధోవతి కట్టి ముందు వరుసలో కూర్చున్నాడు. తిప్పన అరుగెక్కాడు. జనంలో చెన్నమ్మవ్వ కనిపించింది. ఆమె అతణ్ణి చూసి చేతులు జోడించింది.

"అయ్యలారా, అమ్మలారా, ఖర్చులు పెరిగాయి" అన్నాడు. ఆగాడు.

"చెప్పండి, చెప్పండి" అన్నాడు శ్రేష్ఠి.

"ఖర్చులు పెరిగిన మాట నిజం. పెంచినవాళ్ళం మేమే. బంగారు రేకు మీరడగలేదు. ఇంటికి పట్టనంత అడవి మీరడగలేదు. అవన్నీ మేము తెచ్చిపెట్టి, ఆ బరువు మీ నెత్తిన పెట్టాం. లాభం అంతకంటే పెరిగింది. ఆ మాట నేను మీకు చెప్పలేదు. మీ వరహాలు చిత్రకారుల పొయ్యి వెలిగిస్తాయన్నాను. లాభం అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ఏడాదే వాళ్ళ పొయ్యి ఆర్పారు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఈ ఏడు పటంలో ఇల్లు ఉండదు. దాన్ని విడిగా అమ్ముతారు. దానికి ఖర్చు కారణం కాదు, ఆశే కారణం."

"తిప్పనగారికి వడదెబ్బ తగిలింది! ఎవరైనా మజ్జిగ తెండి!" అన్నాడు శ్రేష్ఠి లేచి. ఎవరూ తేలేదు. "ఏం, వర్తకుడు లాభం చూసుకోవడం నేరమా?" అని అరిచాడు.

"కాదు శ్రేష్ఠీ. లాభాన్ని దాచి, ఖర్చును చూపించి, జాలి అమ్ముకోవడం నేరం. ఆ అమ్మకం చేసింది నేను."

జయజయధ్వానాలు రాలేదు. ఎవరూ పూలు చల్లలేదు. మల్లప్ప కూడా వేళాకోళమాడలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, సంచులు భుజాన వేసుకుని, కొనకుండానే మెల్లగా కదిలారు. చెన్నమ్మవ్వ మాత్రం అరుగుదాకా వచ్చింది.

"ఇంత చక్కగా చెప్పగలవే నాయనా," అంది. "మొదటిసారే ఎందుకు చెప్పలేదు?"

ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. తిప్పన ఆ పెద్దరాలి ముందు తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె తన దారిన తాను వెళ్ళింది.

ఆ తరువాత తిప్పన ఎర్రమ్మ వాకిట నిలబడి, కలిసి పటం చేద్దామని అడిగాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకున్న కొన్నాళ్ళకు చిత్రకారులంతా ఒక తాటాకుల పందిట్లో కూడారు. చాపంత పటం కూర్చారు. గవ్వలతో ఆడవచ్చు. ఇల్లు అందులోనే ఉంది. అమ్మేనాడు తిప్పన అరుగు మీద నిలబడి రంగుకెంత, చేతిపనికెంత, తమకు మిగిలేదెంత అన్నీ బయటికే చెప్పేవాడు. జనం కొన్నారు. శ్రేష్ఠి పటాలు కొట్లోనే మగ్గి, చివరికి పెళ్ళిపందిళ్ళకు పరదాలయ్యాయి. పై ఏడు అతడు కూడా లాభమెంతో చెప్పే అమ్మాడు. చెప్పకపోతే కొనేవారు లేక.

కాలక్రమంలో నగరం తిప్పనను సత్యవాది అని పిలిచింది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ అతడు, "ఆ ముందు రెండుసార్లు అరుగెక్కింది కూడా నేనే" అని తలదించుకునేవాడు.

పిల్లలూ, ఖర్చును చూపించి లాభాన్ని దాచిన మాట, అందులో ప్రతి అక్షరం నిజమే అయినా, అబద్ధమే. ఆ మాటకు నోరు అరువిచ్చినవాడికి లాభంలో వాటా దక్కినా దక్కకపోయినా, సిగ్గు మాత్రం మొత్తంగా అతడిదే.