పండితుడికి దక్కిన గోదానం

కొలనుగిరి రాజు విరూపాక్ష భూపతికి ఒక ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగేవాడు కాదు. ఆ రోజు కోడి కూయకముందే దండోరా వేయించాడు.

"కోటలో బడి తెరుస్తున్నాం! చదువు ఉచితం, మధ్యాహ్నం భోజనం ఉచితం. కానీ చేతిమీద మశూచి టీకా మచ్చ లేని పిల్లలెవరూ గడప దాటకూడదు!"

పొరుగు రాజ్యంలో ఆ వేసవిలోనే మశూచి ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. అందుకే రాజు ఎక్కడినుంచో టీకాల వైద్యుణ్ణి కూడా పిలిపించాడు.

మొదట్లో మావటీల పిల్లలూ, కోట కాపలావాళ్ల పిల్లలూ, రాణిగారి చెలికత్తె కూతురూ టీకా వేయించుకుని బడిలో చేరారు. ఆ తర్వాత ఒక్కరూ రాలేదు.

దానికి కారణం ఆస్థాన పండితుడు శేషాద్రి సోమయాజి. ఆయన తలపాగా ఎంత పెద్దదంటే, గుమ్మం దాటాలంటే వంగితే చాలదు, మోకాళ్లమీద రావాలి. ఇంత పెద్ద పని తనను అడక్కుండా చేశారని ఆయనకు ఒళ్లుమంట. అందుకని కనిపించినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ మందు ఆవు పొదుగు మీది పొక్కులోంచి తీస్తారు. ఒంట్లోకి పోయిందా, దసరాకి కొమ్ములు, దీపావళికి తోక. ఉగాదికి పాలు పిండుకోవచ్చు!"

ఊరు హడలిపోయింది. తల్లులు పొద్దున్నే లేచి పిల్లల తలలు తడిమి చూడసాగారు. ద్వారబంధం తగిలి ఒకడికి నుదుట బొప్పి కడితే, వాళ్లమ్మ కొమ్ము మొలిచిందని వీధిలో పడి ఏడ్చింది. మావటి కొడుక్కి పక్కింటివాళ్లు జాలిపడి తవుడు పెట్టారు.

రాజుకు కోపం వచ్చింది. "కొరడా పట్టుకుంటే వాళ్లే వస్తారు!" అన్నాడు.

"కొరడా చూస్తే పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పారిపోతారు ప్రభూ," అంది పేరిందేవి.

పేరిందేవి రాణిగారి చెలికత్తె. చిన్నప్పుడు మశూచి సోకి తాను బతికింది, తమ్ముడు బతకలేదు. ముఖం నిండా ఆ మచ్చలే. నాలుక మాత్రం కోటలో కత్తులన్నిటికంటే పదును.

"అయితే నువ్వే రప్పించు," అన్నాడు రాజు. "బలవంతం చెయ్యకూడదు. అమావాస్యలోగా తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే రావాలి. లేకపోతే బడి మూసేస్తాను, వైద్యుణ్ణి పంపించేస్తాను."

మర్నాడు సభ కిటకిటలాడుతుండగా పేరిందేవి ఏడుస్తూ వచ్చింది. ఆమె చేతిలో తాడు, తాడు చివర ఆమె కూతురు సీతాలు, దాని మెడలో గంట. వెనకాలే మావటీలూ, కాపలావాళ్లూ, వాళ్ల చేతుల్లో తాళ్లూ, పిల్లల మెడల్లో గంటలూ.

"ఘోరం జరిగింది ప్రభూ! పండితులవారు చెప్పినట్టే మా పిల్లలు దూడలైపోయారు!"

"అంబా!" అంది సీతాలు హుషారుగా.

సోమయాజి మీసం దువ్వాడు. "నేను చెప్పలేదూ!"

"ఇవి దూడలేనని సభలో మీ నోటితో ఒక్కసారి అనండి స్వామీ."

"దూడలే! ముమ్మాటికీ దూడలే!"

"మరి ఈ రాజ్యంలో దానమిచ్చే ఆవులూ దూడలూ ఎవరికి చెందుతాయి?"

"ఇంకెవరికి? ఆస్థాన పండితుడికే! మా ముత్తాతలనాటి హక్కు. ఇంకొకడు తాడు ముట్టుకుంటే ఊరుకోను!"

పేరిందేవి కళ్లు తుడుచుకుంది.

"అయితే పట్టుకోండి తాళ్లు. ఇవాళ గోదానం!"

క్షణంలో సోమయాజి చేతుల నిండా తాళ్లు. ఆయన నోరు తెరిచేలోగా రాజు గంభీరంగా అన్నాడు. "దానం పట్టిన దూడను పస్తు పెడితే మహాపాపం. జాగ్రత్త సుమా!"

దూడలు పండితుడి ఇంట్లో పడ్డాయి. గడ్డి వేస్తే ఆయన మొహానే కొట్టాయి. అరిసెల డబ్బా ఖాళీ చేశాయి. నేతి గిన్నె నాకి బోర్లించాయి. తలపాగా విప్పి దూలానికి ఉయ్యాల కట్టుకున్నాయి. మందలిస్తే అన్నీ ఒక్కసారిగా "అంబా!" అన్నాయి.

మూడోనాడు సోమయాజి బోడితలతో సభలోకి పరుగెత్తుకొచ్చాడు. వెనక భార్య సోమిదేవమ్మ, ఆ వెనక గంటలు మోగించుకుంటూ మంద. వినోదం చూడ్డానికి ఊరంతా వెంటబడింది.

"ప్రభూ, వీళ్లను తీసుకుపొమ్మనండి!"

"దానమిచ్చిన దూడను వెనక్కి తీసుకోవడమా? నరకానికి పోమూ!" అంది పేరిందేవి.

"దూడలేమిటి, నీ మొహం! కొమ్ములేవి? తోకలేవి? వీళ్లు పిల్లలు! అచ్చంగా మనుషుల పిల్లలు!"

"వెనక ఉన్నవాళ్లకు వినబడలేదు స్వామీ."

"టీకా వేసినా పిల్లలే మహాప్రభో, పిల్లలే!" అని గొంతు చించుకున్నాడు సోమయాజి.

సభ గొల్లుమంది. ఆ నవ్వుల్లోంచి చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి భయంభయంగా ముందుకొచ్చింది.

"అయితే ఏమీ కాదా అమ్మా?"

పేరిందేవి నవ్వు ఆపింది. "చెయ్యి వాస్తుంది తల్లీ. జ్వరం కూడా వస్తుంది. మా సీతాలు రాత్రంతా ఏడిస్తే నేనూ ఏడ్చాను. అయినా మశూచికి నా తమ్ముణ్ణి పోగొట్టుకున్నదాన్ని. రెండూ చూశాను కనకే చెబుతున్నాను, ఇదే నయం."

ఆ తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "వైద్యుడెక్కడ?" అంది.

"ఆగవమ్మా, ముందు నేను!" అంటూ సోమిదేవమ్మ మనవడి చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ నడిచింది.

"ఏమేవ్! మన పిల్లాడికి కూడానా!" అన్నాడు సోమయాజి.

"మీరు ఇంటికెళ్లి దూడలకు మజ్జిగ పొయ్యండి!"

రాజు కిరీటం జారిపోయేలా నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి పేరిందేవి చేతిలో పెట్టాడు. అప్పటికే వైద్యుడి గుమ్మం ముందు వరస కోట దాటి వీధిలోకి పాకింది.