పెంటమ్మ ‘అయ్యింది’ అన్న రోజు

నా ఆకువక్క సంచి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్లూ ఇక్కడే రాలిపోవాలి.

గుట్టలు ఇంకా మొలుస్తున్న కాలంలో, చింతకాయలు తియ్యగా ఉన్న కాలంలో, ఒక ఊళ్లో పెంటమ్మ ఉండేది. ఆమెకంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. అందుకని ఈమెను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టారు, ఎవరికీ అక్కర్లేని పిల్ల అని చావు అనుకోవాలని. చావు వచ్చింది, చూసింది, ముక్కు మూసుకుని పోయింది.

పెద్దయ్యాక ఊరి ఎరువు కుప్ప ఆమె చేతికే వచ్చింది. పేడ, బూడిద, పశువులు తొక్కిన గడ్డి, అన్నీ ఆమే పేర్చేది. ఆ కుప్ప ఎంత ఎత్తంటే గద్దలు దాన్ని చుట్టి పోయేవి. లోపల ఎంత వేడంటే, మీద కుండ పెడితే అన్నం ఉడికేది. ఆ అన్నం నేనే తిన్నాను.

ఒకసారి వరుసగా రెండేళ్లు కరువొచ్చింది. ఊరంతటికీ ఒక్కసారి విత్తడానికి సరిపడా జొన్నలు మిగిలాయి. అవి పోతే ఇక తినేది గడ్డే. మూడో ఏడు మబ్బు ముందే వచ్చింది. ఊరికి కాలు నిలవలేదు. ఎద్దులు కట్టుకొయ్యలు పీకాయి.

జనం ఎరువు కోసం పరుగెత్తుకొచ్చారు. “పెంటమ్మా, అయ్యిందా?”

ఆమె మోచేయి దాకా కుప్పలో చెయ్యి పెట్టింది. చుర్రుమంది. “కాలేదు.”

నాలుగు రోజులకు పటేలు బాపురెడ్డి వచ్చాడు. “ఏందే ముసల్దానా, ఆగుమంటే ఆగనీకి వాన నీ అయ్య జాగీరా? అయ్యిందా?”

ఆమె పిడికెడు తీసి వాసన చూసింది. ముక్కు అదిరింది. “కాలేదు పటేలా. పచ్చి ఎరువేస్తే మొలక మాడుతది.”

“నల్లగనే ఉంది గదనే!”

“బొగ్గు గూడ నల్లగనే ఉంటది. తింటవా?”

పటేలు ఆగలేదు. పన్నెండు బండ్ల ఎరువు తోలుకుపోయి, తన వంతు విత్తనం చల్లేశాడు. మొలకలొచ్చాయి, పసుపెక్కాయి, కొసలు మాడాయి. మిగిలినవాటిని పురుగు తిన్నది, ఒక్కో పురుగు మేకపిల్లంత. అది చూసి మిగతా ఊరంతా విత్తనాల మూటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మబ్బేమో గుట్ట దాటిపోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది.

మూడోసారి వచ్చిందెవరనుకున్నావు? యమభటుడు!

“అవ్వా, అప్పుడు నిన్ను వదిలేసి పోయినం. ఇప్పుడు నీ పొద్దు అయ్యింది, లే.”

“నాదైతే అయ్యింది నాయినా, కుప్పది కాలేదు. నేను పోతే వీళ్లకు చెప్పేదెవరు? కూసో.”

ఆమె కుండపెంకులో ఆ ఎరువు పోసి మూడు జొన్నగింజలు నాటింది. “ఇవి పచ్చగ లేస్తే వస్త.”

భటుడు కూర్చున్నాడు, ఈగలు తోలుకుంటూ. మొదటి వారం గింజలు కుళ్లాయి. “అయ్యిందా?” “కాలేదు.” రెండో వారం మళ్లీ నాటితే పసుపుగా లేచాయి. “అయ్యిందా అవ్వా? అక్కడ నన్ను తిడతరు!” “తిట్టనీ. ముందు నీ దున్నపోతును కట్టెయ్యి, కుప్పల గడ్డి లాగుతది.” మూడో వారం ఇంకోసారి నాటితే మూడు మొలకలూ చిలక రెక్కల్లా పచ్చగా లేచాయి.

ఆమె చెయ్యి పెట్టింది. కొత్తకుండ నీళ్లంత చల్లన. వాసన చూసింది. తొలకరి చినుకు పడ్డ మట్టి వాసన. కుప్పెక్కి అరిచింది. “అయ్యింది!” ఆ కేక ఏడూళ్లు విన్నది. మబ్బు కూడా గుట్ట మీద నుంచి వెనక్కి తిరిగింది.

బండ్లు వచ్చాయి. ఊరు తలా దోసెడు గింజలు పటేలుకూ ఇచ్చింది. ఆఖరి బండి కదిలాక పెంటమ్మ కుప్ప అడుగున, పుట్టినప్పుడు పడుకోబెట్టిన చోటే, పడుకుంది. ఈసారి చావు ముక్కు మూసుకోలేదు.

ఆ ఏడు కంకులు కోయడానికి నిచ్చెనలు వేశారు.

ఇప్పటికీ మా వైపు ఎరువు బండికెత్తే ముందు కుప్పలో చెయ్యి పెట్టి, “పెంటవ్వా, అయ్యిందా?” అని మూడుసార్లు అడుగుతారు. చల్లగా తగిలితేనే పార వేస్తారు. ఎవరైనా తొందరపెడితే, “యమభటుడే కూసున్నడు, నువ్వు కూసోలేవా?” అంటారు.

ఏం, నవ్వుతున్నావా? లే బిడ్డా. మన పెరట్లో కుప్ప దగ్గరికి పో. వేళ్ల కొసలు కాదు, మోచేయి దాకా పెట్టు. చెయ్యి కడుక్కోకుండా రా. వాసన నేను చూడాలి.