తెయ్యం చెప్పిన మాట

నారాయణస్వామిని ప్రశ్న అడిగినవాడు కూర్చుని జవాబు వినడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. మనశ్శాంతి ఎక్కడుందని అడిగిన కరణంగారిని ఆయన రామేశ్వరం దాకా నడిపించారు. తిరిగొచ్చాక కరణంగారు కాళ్లకు నూనె రాసుకున్నారే గాని, శాంతి సంగతి మళ్లీ ఎత్తలేదు.

అలాంటి మనిషిని పోయి ఓబుళేసు అడిగాడు. “సామీ, నా బిడ్డ తిరిగొస్తాదా?”

బిడ్డ పేరు సుంకులమ్మ. ఏదో గొడవలో “నీ మొగం నాకు చూపించొద్దు” అన్నాడు తండ్రి. అంతవరకూ ఆయన మాట ఏదీ వినని పిల్ల ఆ ఒక్కటీ విన్నది. అప్పటినుంచి ఎవరు పలకరించినా ఓబుళేసుది ఒకటే మాట: “అన్నది నేను కాదు, నా కోపం.” మేము తలాడించేవాళ్లం. ఆ కోపాన్ని మేమూ చూశాం. దానికీ ఓబుళేసు మీసాలే ఉంటాయి.

స్వామి ఆయన్ను వెంటబెట్టుకుని దక్షిణాదికి బయల్దేరారు. ఓబుళేసు మదురైలో మొక్కాడు, కన్యాకుమారిలో మునిగాడు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి ఆడపిల్లల ముఖాల్లోకి చూశాడు. తిట్లూ తిన్నాడు. ఆ భాషలు రాకపోవడం మేలైంది.

చివరికి ఉత్తర మలబారులో ఒక పల్లె చేరారు. అక్కడ తెయ్యం జరుగుతోంది, దేవుడు మనిషి ఒంటిమీదికి వచ్చే జాతర. ముఖానికి ఎర్రరంగు పూసి, తలమీద పెద్ద కిరీటం కట్టాక ఆ మనిషి ఇక మనిషి కాడు, దేవుడు. జనం ఒక్కొక్కరే వెళ్లి కష్టం చెప్పుకుంటారు. దేవుడు చెయ్యి పట్టుకుని జవాబు చెబుతాడు.

ఓబుళేసు తన కష్టమంతా తెలుగులోనే చెప్పుకుని ఏడ్చాడు. దేవుడు చెయ్యి వదలకుండా చాలాసేపు మాట్లాడాడు, మలయాళంలో. ఓబుళేసుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెండ డోళ్ల మోతలో పక్కవాళ్లకు వినపడనే లేదు.

కిరీటం దించేదాకా కాచుకుని, చిత్తూరు వైపు లారీ తోలి తెలుగు నేర్చిన మనిషినొకణ్ణి వెతికి పట్టుకుని, ఓబుళేసు చావడి వెనక్కి పరుగెత్తాడు. దేవుడు రంగు తుడుచుకుని టీ తాగుతున్నాడు.

“నా బిడ్డ గురించి ఏం చెప్పినావు?”

లారీ మనిషి జవాబును తెలుగులో చెప్పాడు. “ఆయనకు తెలియదంట. అన్నది తను కాదంట.”

ఓబుళేసు మీసాలు అదిరాయి. “ఈ నోటితోనే గదా అన్నావు. నువ్వు గాకపోతే ఎవరన్నారు?”

స్వామి సంచి భుజాన వేసుకున్నారు.

“మీ అమ్మాయి నిన్ను ఈపాటి కూడా అడగలేదు, ఓబుళేసూ. నువ్వే అన్నావనుకుని వెళ్లిపోయింది.”